జాకీ మీద ఎత్తిన కారు దానంతట అది ఎందుకు కిందికి దిగదు? పని, దక్షత, యాంత్రిక లాభం గురించి ఒక సందేహం

జిజ్ఞాసి:

సభ్యులందరికీ నమస్కారం. సరళ యంత్రాల పాఠంలో ఒక పేజీలో, యంత్రం తక్కువ బలంతో ఎక్కువ బరువును ఎత్తడానికి తోడ్పడుతుందని, దాన్నే యాంత్రిక లాభం అంటారని ఉంది. ఆ తరువాతి పేజీలోనే, ఏ యంత్రమూ తనకు అందిన పనికంటే ఎక్కువ పనిని తిరిగి ఇవ్వలేదని, ఘర్షణ వల్ల నిజానికి కొంత తక్కువే ఇస్తుందని ఉంది. పెట్టినదానికంటే తక్కువే తిరిగి వస్తున్నప్పుడు ఇక లాభం ఎక్కడున్నట్టు?

దీనికి తోడు మరో సందేహం. మర జాకీతో కారును ఒక పక్క ఎత్తి, పిడి వదిలేసినా కారు ఎత్తిన చోటనే నిలబడుతుంది. కప్పీల మీదుగా తాడు లాగి బరువును ఎత్తినప్పుడు మాత్రం, తాడు వదిలిన మరుక్షణం బరువు కిందికి వచ్చేస్తుంది. రెండూ సరళ యంత్రాలే, రెండు సందర్భాల్లోనూ బరువుకు స్థితిశక్తి చేరింది. అలాంటప్పుడు ఒకటి బరువును పట్టి ఉంచడానికి, రెండోది పట్టి ఉంచలేకపోవడానికి కారణమేమిటి? వీలైతే అంకెలతో వివరించమని కోరుతున్నాను.

భౌతిక పాఠాలు:

జిజ్ఞాసి గారూ, మీరు చెప్పిన రెండు వాక్యాల మధ్య వైరుధ్యం లేదు. మొదటిది బలం గురించిన మాట, రెండోది పని గురించిన మాట. బలాన్ని, ఆ బలం దిశలో వస్తువు కదిలిన దూరంతో గుణిస్తే వచ్చేది పని. ఆ లబ్ధాన్ని పెంచే వీలు ఏ యంత్రానికీ లేదు గానీ, అందులోని బలాన్ని తగ్గించి దూరాన్ని పెంచడానికీ, అవసరమైతే దూరాన్ని తగ్గించి బలాన్ని పెంచడానికీ యంత్రం వీలు కల్పిస్తుంది.

మీరడిగిన జాకీనే తీసుకుందాం. మర ఒక చుట్టు తిరిగితే బరువు 5 మి.మీ. లేస్తుందని, పిడి పొడవు 30 సెం.మీ. అని, జాకీ మీద పడే భారం 4,000 న్యూటన్లు అని అనుకుందాం. ఒక చుట్టులో మన చెయ్యి తిరిగే దూరం సుమారు 1,885 మి.మీ. చెయ్యి కదిలిన దూరాన్ని బరువు లేచిన ఎత్తుతో భాగిస్తే 377 వస్తుంది. దీన్ని వేగ నిష్పత్తి అంటారు. ఇది యంత్రం కొలతలనుంచి మాత్రమే వచ్చే అంకె కాబట్టి ఘర్షణతో దీనికి సంబంధం లేదు. ఘర్షణే లేకపోతే 4,000ను 377తో భాగించగా వచ్చే 10.6 న్యూటన్ల బలం, అంటే ఒక కిలో బరువును చేత్తో పట్టుకోవడానికి కావలసినంత బలం, కారును ఎత్తడానికి సరిపోయేది. అయితే మర జాకీల దక్షత, అంటే మనం పెట్టిన పనిలో బరువుకు చేరే వాటా, చాలా తక్కువ. అది 20 శాతం అనుకుంటే మనం పిడి మీద పెట్టవలసిన బలం 53 న్యూటన్లు అవుతుంది. 4,000ను 53తో భాగిస్తే వచ్చే 75 ఈ జాకీ అసలు యాంత్రిక లాభం.

ఇప్పుడు పని లెక్క చూడండి. ఒక చుట్టులో బరువు మీద జరిగిన పని 20 జౌల్స్, మన చెయ్యి చేసిన పని 100 జౌల్స్. మిగిలిన 80 జౌల్స్ మరచుట్ల మధ్య ఘర్షణలో వేడిగా మారాయి. కారును 15 సెం.మీ. ఎత్తడానికి 30 చుట్లు తిప్పాలి కాబట్టి, 600 జౌల్స్ ప్రయోజనం కోసం మనం 3,000 జౌల్స్ ఖర్చు పెట్టాం.

600 జౌల్స్ పని మనిషికి ఏమంత భారం కాదు. 60 కిలోల మనిషి ఒక మీటరు ఎత్తు మెట్లు ఎక్కితే దాదాపు అంతే పని జరుగుతుంది. కానీ 4,000 న్యూటన్ల బలాన్ని ఒక్కసారిగా ప్రయోగించి కారును పైకి లేపగల చేతులు మనకు లేవు. మన శరీరానికి కొరత ఉన్నది బలం విషయంలో, పని విషయంలో కాదు. పుష్కలంగా ఉన్నదాన్ని కొంత ఎక్కువగానే ఖర్చుపెట్టి, మన దగ్గర లేనిదాన్ని సంపాదించుకుంటున్నాం. పాఠంలో చెప్పిన లాభం అదే.

జాకీ ఎందుకు నిలబడుతుందన్న రెండో ప్రశ్నకు జవాబు, వృథా అయిందని మనం అనుకుంటున్న ఆ 80 జౌల్స్‌లోనే ఉంది. దాని గురించి వర్క్‌షాపు అనుభవం ఉన్నవారెవరైనా ముందు మాట్లాడితే బాగుంటుంది.

మొదటి వరుస:

నేను ఇంటర్ విద్యార్థిని. పై లెక్క అర్థమైంది కానీ ఒక అనుమానం మిగిలింది. నూటికి 80 జౌల్స్ వేడిగా పోతున్నాయంటే అది లోపభూయిష్టమైన యంత్రమే కదా? మరచుట్లను బాగా నునుపు చేసి, మంచి నూనె వేసి, దక్షతను 90 శాతానికి తీసుకువెళ్ళే ప్రయత్నం ఎందుకు చేయరు? పైగా 2,400 జౌల్స్ వేడి పుట్టిందంటున్నారు, కారు ఎత్తిన తరువాత జాకీని ముట్టుకుంటే చెయ్యి కాలినట్టు ఎప్పుడూ అనిపించదు.

మర, నట్టు:

ఫిట్టరుగా పనిచేస్తున్నాను కాబట్టి దీనికి నేను జవాబివ్వగలను. మొదటి వరుస గారు చెప్పినటువంటి యంత్రం ఇప్పటికే ఉంది. దాన్ని బాల్ స్క్రూ అంటారు. అందులో మరకూ నట్టుకూ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతూ ఉంటాయి, ఒక లోహం మరొక లోహం మీద ఒరుసుకోవడం దాదాపుగా ఉండదు, దక్షత 90 శాతం వరకు వస్తుంది. మిల్లింగ్ యంత్రాల్లో బల్లను కచ్చితంగా కదపడానికి దాన్ని వాడతాం. అదే బాల్ స్క్రూను నిలువుగా పెట్టి, పైన బరువు ఉంచి, మోటారుకు కరెంటు తీసేస్తే ఆ బరువే మరను వెనక్కి తిప్పుకుంటూ గిర్రున కిందికి వచ్చేస్తుంది. అందుకే నిలువు అక్షానికి బాల్ స్క్రూ బిగించిన ప్రతి చోటా విడిగా బ్రేకు పెట్టక తప్పదు.

సాధారణ జాకీకి అలాంటి బ్రేకు ఉండదు, మరచుట్లలోని ఘర్షణే దానికి బ్రేకు. జాకీ మరను విప్పదీసి పరిచినట్టు ఊహించుకుంటే అది ఒక పొడవాటి వాలుతలం. మర సగటు వ్యాసం 25 మి.మీ. అనుకుంటే ఒక చుట్టు చుట్టుకొలత 78.5 మి.మీ. అవుతుంది, అంత దూరంలో ఎత్తు 5 మి.మీ. పెరుగుతుంది. అంటే వాలు 0.064 మాత్రమే. గ్రీజు పూసిన ఉక్కు మరల మధ్య ఘర్షణ గుణకం, అంటే తలాలను నొక్కే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే అంకె, సాధారణంగా 0.1 నుంచి 0.15 దాకా ఉంటుంది. వాలుతలం వాలు ఘర్షణ గుణకం కంటే తక్కువగా ఉన్నప్పుడు దాని మీది వస్తువు తనంతట తాను జారదు. కాబట్టి జాకీకి గ్రీజు వేసినా భయం లేదు. అరుగుదల తగ్గుతుంది, చేతికి శ్రమ కొంత తగ్గుతుంది, పట్టు మాత్రం పోదు.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఘర్షణ వల్ల నిలిచిన బరువు కదలిక లేనంతవరకే నిలుస్తుంది. అదురు తగిలినప్పుడు మరచుట్లు క్షణకాలం పట్టు సడలి కొద్దికొద్దిగా వెనక్కి తిరుగుతాయి. యంత్రాల మీద బోల్టులు వదులు కావడానికి అదురే ముఖ్య కారణం. జాకీ మీద ఉన్న కారు కిందికి, స్టాండు పెట్టకుండా, ఎవరూ ఎప్పుడూ దూరకూడదు.

భౌతిక పాఠాలు:

మర, నట్టు గారి వివరణకు ధన్యవాదాలు. ఆయన ఇచ్చిన అంకెలతోనే దక్షత కూడా దాదాపుగా వచ్చేస్తుంది. వాలు 0.064, ఘర్షణ గుణకం 0.12 అనుకుంటే, చిన్న వాలుకు దక్షత సుమారుగా 0.064ను 0.184తో భాగించినంత, అంటే 35 శాతం. జాకీ తలకూ దాని మీది బరువుకూ మధ్య ఒరిపిడిని కూడా కలుపుకుంటే అది 20 శాతం దగ్గరికి దిగుతుంది. నేను మొదట తీసుకున్న అంకె అక్కడిదే.

మొదటి వరుస అడిగిన వేడి సంగతి. జాకీ బరువు 3 కిలోలు అనుకుందాం. ఒక కిలో ఉక్కును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 460 జౌల్స్ కావాలి. 2,400 జౌల్స్ మొత్తం జాకీ అంతటా సమంగా వ్యాపిస్తే పెరిగే ఉష్ణోగ్రత 1.7 డిగ్రీలు. చేతికి అది తెలియదు. ఎంత పని ఎంత వేడిగా మారుతుందో కొలవడానికి ఆంగ్ల శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ 1840లలో చేసిన ప్రయోగాలకు అంత ఓర్పు అవసరమైనది కూడా ఇందుకే. కిందికి దిగే బరువులతో నీటిలో తెడ్లను తిప్పించి, నీరు డిగ్రీలో ఎన్నో వంతు వేడెక్కిందో చూడవలసి వచ్చింది. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 అడుగు-పౌన్ల పని కావాలని 1850లో ఆయన ప్రకటించారు. నేటి విలువ సుమారు 778. అప్పటి పరికరాలతో అంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక జిజ్ఞాసి గారి రెండో ప్రశ్నకు సూటి జవాబు. బరువును ఎత్తేటప్పుడు మనం పెట్టిన పని రెండు భాగాలవుతుంది. ఒకటి బరువుకు చేరిన స్థితిశక్తి, రెండోది ఘర్షణ తీసుకున్నది. మనం వదిలేసినప్పుడు బరువు తనంతట తాను దిగాలంటే, దిగే దారిలో ఘర్షణ అడిగే మొత్తాన్ని ఆ స్థితిశక్తే చెల్లించాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఘర్షణ సుమారుగా ఒకటే అనుకుంటే, ఘర్షణ వాటా స్థితిశక్తి వాటా కంటే ఎక్కువగా ఉన్న యంత్రంలో బరువు కిందికి దిగలేదు. అంటే దక్షత 50 శాతం కంటే తక్కువైన యంత్రం బరువును తానే పట్టి ఉంచుతుంది, 50 శాతం దాటినది ఉంచలేదు. మన జాకీలో ఒక చుట్టు దిగితే బరువు ఇవ్వగలిగేది 20 జౌల్స్, ఘర్షణ అడిగేది దాదాపు 80. అందుకే కారు కదలదు. మంచి కప్పీల జత దక్షత 70, 80 శాతం ఉంటుంది కాబట్టి తాడు వదలగానే బరువు దిగిపోతుంది.

దీన్నుంచి తేలేదేమిటంటే, ఎత్తిన బరువును దానంతట అదే పట్టి ఉంచే జాకీ కావాలనుకుంటే, పెట్టిన పనిలో సగానికి పైగా వేడికి వదులుకోవడానికి సిద్ధపడాలి. ఇది తయారీలో లోపం కాదు, ఆ పట్టు కోసం తెలిసి ఇచ్చే ధర.

సూక్ష్మదర్శి:

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఘర్షణ ఒకటే అన్న ఊహ మీద ఆ 50 శాతం నియమం మొత్తం ఆధారపడి ఉంది. ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో చెప్పకుండా నియమాన్ని మాత్రమే చెబితే, విద్యార్థులు దాన్ని అన్ని యంత్రాలకూ గుడ్డిగా అన్వయించే ప్రమాదం ఉంది. వాలుతలం మీద వస్తువును తలానికి సమాంతరంగా లాగినప్పుడు మాత్రమే లంబబలం, అంటే తలాలను ఒకదానికొకటి నొక్కే బలం, రెండు దిశల్లోనూ ఒకటిగా ఉంటుంది, అప్పుడు 50 శాతం కచ్చితమైన హద్దు. మరలో మనం పెట్టే బలం అడ్డంగా పనిచేస్తుంది కాబట్టి ఎక్కించేటప్పుడు తలాల మధ్య ఒత్తిడి కొంచెం పెరుగుతుంది, దించేటప్పుడు తగ్గుతుంది. కాబట్టి హద్దు మీద ఉన్న మర దక్షత 50 శాతం కంటే కాస్త తక్కువే ఉంటుంది. వాలు చిన్నదైన మరల్లో ఈ తేడా లెక్కలోకి రానంత స్వల్పం, వాలు పెద్దదైతే మాత్రం పట్టించుకోవలసిందే.

భౌతిక పాఠాలు:

ఈ సవరణ అవసరమైనదే. 50 శాతం అనే అంకెను గీత గీసినట్టు కాకుండా సరిహద్దు ప్రాంతంగా చూడాలి. దానికి చాలా దిగువన ఉన్న 20 శాతం జాకీ విషయంలోనూ, చాలా ఎగువన ఉన్న కప్పీ విషయంలోనూ తీర్పు మారదు.

పాత పుటలు:

యంత్రం పనిని సృష్టించలేదన్న అవగాహన రావడానికి ఎంత కాలం పట్టిందో ఆలోచిస్తే ఈ చర్చకు మరింత లోతు వస్తుంది. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే ప్రాచీన గ్రీకు ఇంజనీరు చక్రం-ఇరుసు, తులాదండం, కప్పీ, చీల, మర అనే అయిదు యంత్రాలను వివరించాడు. అంతకు ముందే ఆర్కిమెడీస్ తులాదండం సమతాస్థితి నియమాన్ని రుజువు చేశాడు. యంత్రాలతో ప్రకృతిని మోసగించి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం రాబట్టవచ్చనే భ్రమ మాత్రం తరువాత ఎన్నో శతాబ్దాలు కొనసాగింది. 1600 ప్రాంతంలో యంత్రాల మీద రాసిన చిన్న గ్రంథంలో గెలీలియో ఆ భ్రమను నేరుగా ఖండించాడు. బలంలో మిగిలినది దూరంలోనూ కాలంలోనూ పోతుందని ఆయన వివరించిన తీరు, పైన భౌతిక పాఠాలు గారు చెప్పినదానికి చాలా దగ్గర.

అంతకంటే ముందు, 1586లో, సైమన్ స్టెవిన్ ప్రచురించిన వాదన నాకు అన్నింటికంటే ఇష్టమైనది. రెండు వైపులా వాలు ఉన్న ఒక దిమ్మ, ఒక వాలు పొడవు రెండోదానికి రెట్టింపు. దాని చుట్టూ సమాన బరువులున్న గోళాలను సమాన దూరాల్లో గుచ్చిన గొలుసును వేశామనుకోండి. పొడవైన వాలు మీద నాలుగు గోళాలుంటే పొట్టి వాలు మీద రెండే ఉంటాయి. నాలుగు గోళాలున్న వైపు బరువు ఎక్కువ కదా అని గొలుసు అటు జారడం మొదలుపెడితే, జారిన గోళం స్థానంలోకి మరో గోళం వస్తుంది, అమరిక మళ్ళీ మొదటిలాగే ఉంటుంది, గొలుసు ఎప్పటికీ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. అది అసంభవం కాబట్టి గొలుసు కదలదు, కదలదు కాబట్టి పొడవైన వాలు మీది నాలుగు గోళాలకు పొట్టి వాలు మీది రెండు గోళాలు సరిపోతాయి. వాలు ఎన్ని రెట్లు పొడవైతే, బరువును ఆపడానికి అన్ని రెట్లు తక్కువ బలం చాలునన్న నియమం, ఒక్క సమీకరణం కూడా లేకుండా, ఇలా బయటపడింది.

మొదటి వరుస:

స్టెవిన్ వాదన అద్భుతంగా ఉంది. కానీ నిరంతరం తిరిగే గొలుసు అసంభవం అని ఆయన ముందే ఒప్పేసుకున్నారు కదా? ఇరుసుకు ఒక పక్క బరువులు దూరంగా, మరో పక్క దగ్గరగా పడేటట్టు కదిలే చేతులు అమర్చిన చక్రం బొమ్మలు వీడియోల్లో కనిపిస్తూ ఉంటాయి. దూరంగా ఉన్న బరువుకు భ్రామకం, అంటే తిప్పే ప్రభావం, ఎక్కువ కాబట్టి చక్రం అటు వైపే తిరుగుతూ ఉండాలి అంటారు. అందులో తప్పు ఎక్కడుందో చూపించగలరా?

సూక్ష్మదర్శి:

చూపించవచ్చు. అలాంటి చక్రం బొమ్మను కాగితం మీద జాగ్రత్తగా గీసి బరువులను లెక్కపెట్టండి. ఇరుసుకు దూరంగా ఉన్న పక్క ఎప్పుడూ తక్కువ బరువులుంటాయి, దగ్గరగా ఉన్న పక్క ఎక్కువ ఉంటాయి. ఒక్కొక్క బరువు భ్రామకం పెద్దదే, కానీ వాటి సంఖ్య చిన్నది. రెండు పక్కల మొత్తాలూ ఒక స్థితిలో సమానమవుతాయి, చక్రం అటూ ఇటూ కాస్త ఊగి అక్కడే ఆగిపోతుంది.

బొమ్మ గీయకుండా కూడా చెప్పవచ్చు. చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగిన తరువాత ప్రతి బరువూ బయలుదేరిన ఎత్తుకే తిరిగి వస్తుంది. గురుత్వ బలం చేసే పని మొదటి ఎత్తు, చివరి ఎత్తుల మీద మాత్రమే ఆధారపడుతుంది, మధ్యలో బరువు ఏ వంపుల్లో తిరిగిందన్నది దానికి అక్కరలేదు. కాబట్టి ఒక చుట్టులో గురుత్వం చేసిన నికర పని సున్న. ఇరుసులోని ఘర్షణకు చెల్లించడానికి ఒక్క జౌల్ కూడా మిగలదు. చేతులను ఎన్ని రకాలుగా మడిచినా, ఎన్ని స్ప్రింగులు తగిలించినా ఈ లెక్క మారదు.

కండరం:

నేను ఫిజియోథెరపిస్టును. చర్చ జాకీ బరువును పట్టి ఉంచడం దగ్గరికి వచ్చింది కాబట్టి ఒక విషయం కలపాలనిపించింది. జాకీ గంటల తరబడి కారును పట్టుకుని ఉన్నా దానికి ఖర్చు లేదు. మనం 5 కిలోల బరువును మోచెయ్యి వంచి పట్టుకుంటే నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. బరువు కదలలేదు కాబట్టి దాని మీద జరిగిన పని సున్న అని పాఠం చెబుతుంది, అది నిజమే. అయినా అలసట ఎందుకన్న ప్రశ్న చాలామందిని వేధిస్తుంది.

కండరం జాకీలా తాళం పడిపోయే యంత్రం కాదు. కండర తంతువుల్లో మయోసిన్ అనే ప్రోటీను తలలు ఆక్టిన్ దారాలను పట్టుకుని లాగి, వదిలి, మళ్ళీ పట్టుకుంటాయి. ప్రతి పట్టుకూ, కణాలకు శక్తినందించే ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. బయటినుంచి చూస్తే కండరం పొడవు మారదు, లోపల మాత్రం లక్షలాది తలలు పట్టు మార్చుకుంటూనే ఉంటాయి. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. బరువు మీద జరిగిన పని సున్న అయినా శరీరం శక్తిని వినియోగించింది, ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం.

ఇందులో మరో విశేషం ఉంది. మోచెయ్యి ఆధారబిందువుగా ముంజేతిని ఒక తులాదండం అనుకోండి. బరువు దానికి 35 సెం.మీ. దూరంలో అరచేతిలో ఉంటుంది. పైచేతి ముందు కండరం (బైసెప్స్) ముంజేతి ఎముకకు అతుక్కునే చోటు మాత్రం మోచేతికి 5 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. అరచేతిలో 50 న్యూటన్ల బరువు పట్టుకోవాలంటే కండరం 350 న్యూటన్ల బలంతో లాగాలి, ముంజేతి సొంత బరువు దీనికి అదనం. యాంత్రిక లాభం ఏడో వంతు మాత్రమే. దానికి బదులుగా కండరం ఒక సెంటీమీటరు కుంచించుకుంటే అరచెయ్యి ఏడు సెంటీమీటర్లు కదులుతుంది. విసరడం, అందుకోవడం వంటి వేగమైన కదలికలన్నీ ఈ అమరిక వల్లనే సాధ్యమవుతున్నాయి.

పెడలు:

కండరం గారు చెప్పిన తరహా యంత్రానికి సైకిలు మరో ఉదాహరణ. పెడలు చెయ్యి 17 సెం.మీ., వెనుక చక్రం వ్యాసార్ధం 34 సెం.మీ., ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుకదానికి 22 పళ్ళు అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే పాదం 1.07 మీటర్ల దారి తిరుగుతుంది, వెనుక చక్రం రెండు చుట్లు తిరిగి సైకిలు 4.27 మీటర్లు ముందుకు వెళుతుంది. పాదం పెట్టిన సగటు బలంలో నాలుగో వంతే నేలను వెనక్కి నెడుతుంది. అయినా సైకిలు గొప్ప యంత్రమే, ఎందుకంటే సమతల రోడ్డు మీద నెట్టవలసిన బలం చాలా తక్కువ, మనకు కావలసింది దూరం. ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు వెనుక పెద్ద పళ్ళచక్రానికి గొలుసు మార్చుకుంటాం, అంటే మళ్ళీ జాకీ వైపు జరుగుతాం.

జిజ్ఞాసి:

ఇంత ఓపికగా వివరిస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంతవరకు చర్చలో కాలం ప్రస్తావన దాదాపు రాలేదు. జాకీని నెమ్మదిగా తిప్పినా వేగంగా తిప్పినా పని ఒకటే అయినప్పుడు, సామర్థ్యం అనే మరో రాశి అవసరం ఎందుకు వచ్చింది?

భౌతిక పాఠాలు:

పని ఒకటే, కానీ దాన్ని ఎంత వేగంగా చేయగలమన్నదానికి మనిషికీ యంత్రానికీ హద్దు ఉంటుంది. ఆ హద్దును చెప్పేదే సామర్థ్యం. 60 కిలోల మనిషి 3 మీటర్ల ఎత్తు మెట్లను 10 సెకన్లలో ఎక్కితే సామర్థ్యం 176 వాట్లు, 4 సెకన్లలో పరుగెత్తి ఎక్కితే 441 వాట్లు. రెండుసార్లూ పని 1,764 జౌల్సే. మామూలు ఆరోగ్యవంతుడు గంటల తరబడి నిలకడగా ఇవ్వగలిగేది మాత్రం 75 నుంచి 100 వాట్ల దగ్గర ఆగిపోతుంది.

జాకీ లెక్కలోకి దీన్ని తెస్తే అసలు చిత్రం పూర్తవుతుంది. 3,000 జౌల్స్‌ను రెండు నిమిషాల్లో పెడితే సామర్థ్యం 25 వాట్లు, హాయిగా చేయగల పని. అదే కారును జాకీతోనే 5 సెకన్లలో ఎత్తాలంటే 600 వాట్లు కావాలి, సెకనుకు ఆరు చుట్లు తిప్పాలి. చేతితో అది జరిగే పని కాదు. బలం హద్దును యంత్రం తప్పించగలదు, సామర్థ్యం హద్దును తప్పించలేదు. బలం తగ్గినంత మేరకు వేగమూ తగ్గుతుంది కాబట్టి, వాటి లబ్ధమైన సామర్థ్యం యంత్రంలో ఒక వైపునుంచి మరో వైపుకు, ఘర్షణ తీసుకున్నది పోగా, అలాగే వెళుతుంది.

పాత పుటలు:

జేమ్స్ వాట్‌కు కావలసింది సరిగ్గా ఈ పోలికే. ఆవిరి యంత్రాన్ని కొనేవారికి, అది ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెప్పవలసి వచ్చి, 1780లలో ఆయన ఒక గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పని చేస్తుందని నిర్ణయించాడు. నేటి ప్రమాణాల్లో అది సుమారు 746 వాట్లు. రోజంతా పనిచేసే సాధారణ గుర్రానికి ఈ అంకె కొంచెం ఎక్కువే, కొద్ది క్షణాల ఊపులో మాత్రం గుర్రం దీనికి ఎన్నో రెట్లు ఇవ్వగలదు.

జిజ్ఞాసి:

పై చర్చ చదివాక 50 శాతం నియమాన్ని కప్పీల మీద స్వయంగా పరీక్షించాను. పైన రెండు, కింద రెండు కప్పీలు, బరువును మోస్తున్న తాడు పోగులు నాలుగు. బరువు 200 న్యూటన్లు. తాడు కొసకు స్ప్రింగు త్రాసు కట్టి నెమ్మదిగా, సమవేగంతో పైకి లాగినప్పుడు త్రాసు 65 న్యూటన్లు చూపించింది. అదే వేగంతో కిందికి దించినప్పుడు 38 న్యూటన్లు చూపించింది. మధ్యలో ఏ అంకె దగ్గర ఆపినా బరువు కదలకుండా నిలబడింది. వేగ నిష్పత్తి 4 కాబట్టి దక్షత 200ను 260తో భాగించినంత, అంటే 77 శాతం. తాడు వదిలితే బరువు దిగుతుందని ముందే చెప్పగలిగాను.

ఒక్కటి మాత్రం కలవలేదు. బరువు ఒక మీటరు లేవడానికి నేను పెట్టింది 260 జౌల్స్, ఘర్షణ వాటా 60. దించేటప్పుడు కూడా ఘర్షణ 60 తీసుకుంటే నా చేతికి 140 జౌల్స్, అంటే త్రాసు మీద 35 న్యూటన్లు రావాలి. 38 ఎందుకు వచ్చింది?

సూక్ష్మదర్శి:

మీ త్రాసు సరిగ్గానే చెబుతోంది. కప్పీ ఇరుసు మీద ఘర్షణ, ఆ కప్పీని నొక్కుతున్న తాడు తన్యతను, అంటే తాడులోని లాగుడు బలాన్ని, బట్టి ఉంటుంది. ఎత్తేటప్పుడు మీ చేతి వైపు తాడులో 65 న్యూటన్ల తన్యత ఉంది, ఒక్కొక్క కప్పీ దాటేకొద్దీ అది తగ్గుతూ వెళ్ళింది. దించేటప్పుడు అక్కడ 38 మాత్రమే ఉంది, అవతలి కొసకు వెళ్ళేకొద్దీ పెరిగింది. నాలుగు పోగుల మొత్తం రెండుసార్లూ 200 న్యూటన్లే, కానీ చేతి వైపు తాడు పైకప్పీని నొక్కే బలం దించేటప్పుడు తక్కువ. కాబట్టి దిగేటప్పుడు ఘర్షణ వాటా 60 కాకుండా 48 జౌల్స్ దగ్గర నిలిచింది.

ఒక్కొక్క కప్పీ దగ్గర తన్యత 11.4 శాతం మారుతుందని తీసుకుని, ఎత్తేటప్పుడు నాలుగు పోగులనూ వరుసగా తగ్గిస్తూ, దించేటప్పుడు పెంచుతూ లెక్కకట్టండి. మొదటి లెక్కలో 65, రెండో లెక్కలో 38 న్యూటన్లు వస్తాయి. కప్పీలకు నూనె వేసి మళ్ళీ కొలిస్తే ఆ రెండు అంకెలూ రెండు వైపులనుంచి 50 దగ్గరికి జరగాలి. కొలిచాక ఆ అంకెలు కూడా ఇక్కడ పెట్టండి.